ఇంట్లోని మందులు, రసాయనాల అసలు పేర్లు తెలుసుకుని జాగ్రత్తగా వాడటం ఎలా?

మా నాన్నగారికి ఒకసారి జలుబు చేసి, జ్వరం, ఒళ్లు నొప్పులు పట్టుకున్నాయి. మంచం పక్కన బల్ల మీద మూడు స్ట్రిప్పులు ఉన్నాయి. ఒకటి జ్వరానికి, ఒకటి జలుబుకు, ఒకటి నొప్పులకు. మూడింటి రంగు వేరు, పేరు వేరు. పొద్దుటి నుంచి మూడు సార్లు మూడు రకాలూ వేసుకున్నారు. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి ఇద్దామని మాత్రలు చేతిలోకి తీసుకున్నాక, ఎందుకో స్ట్రిప్పులు వెనక్కి తిప్పి చదివాను. జ్వరం మాత్రలో పారాసెటమాల్ 500 మి.గ్రా. జలుబు మాత్రలోనూ పారాసెటమాల్ 500. నొప్పుల మాత్రలో ఐబుప్రొఫెన్‌తో పాటు పారాసెటమాల్ 325. అంటే ఒక్కసారికి 1,325 మి.గ్రా., మూడు సార్లకు 3,975. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 24 గంటల్లో దాటకూడని హద్దు 4,000. నా చేతిలో ఉన్నవి కూడా ఇచ్చి ఉంటే 5,300 అయ్యేది.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు చూసి ఏదీ వాడం. లోపల ఉన్న రసాయనం పేరు, దాని పక్కన ఉన్న అంకె చదివాకే వాడతాం. జ్వరం మాత్రకైనా అంతే, బాత్‌రూమ్ కడిగే ద్రవానికైనా అంతే. మందు కూడా రసాయనమే కదా. ఈ పద్ధతిని మీ ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో వరుసగా చెబుతాను.

ముందుగా అన్నీ బయటికి తీయండి

సెలవు రోజున ఒక గంట కేటాయించండి. మందుల డబ్బా ఒక్కటే చూస్తే సరిపోదు. ఫ్రిజ్ తలుపు, మంచం పక్క సొరుగు, హ్యాండ్‌బ్యాగులు, ప్రయాణాల సంచి అన్నీ వెతకండి. ఆ తర్వాత సింక్ కింద, బాత్‌రూమ్ అరలో, వాషింగ్ మెషీన్ పక్కన ఉన్న సీసాలు, డబ్బాలు తీయండి. మందులను ఒక బల్ల మీద, ఇల్లు శుభ్రం చేసేవాటిని వేరే గదిలో నేల మీద పెట్టండి. రెండూ ఒకే చోట పెట్టొద్దు.

ఒక నోటు పుస్తకంలో ఐదు గడులు గీయండి: పెట్టె మీది పేరు, అసలు పేరు, బలం, గడువు తేదీ, ఎవరి కోసం తెచ్చింది. గడువు దగ్గర నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు అని అర్థం. స్ట్రిప్ నుంచి మాత్రలు కత్తిరించేటప్పుడు చాలామంది తేదీ ఉన్న కొసనే ముందు కత్తిరించేస్తారు. మిగిలిన నాలుగు మాత్రలు ఏమిటో, ఎప్పటివో ఇక ఎవరికీ తెలియదు. ఎప్పుడూ రెండో కొస నుంచి కత్తిరించండి.

లేబుల్ లేని సీసా కనిపిస్తే మూత తీసి వాసన చూడొద్దు. దాన్ని పక్కన పెట్టేయండి. అందులో ఏముందో తెలియనప్పుడు అది వాడదగినది కాదు. ముఖ్యంగా కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన ద్రవం ఏదైనా కనిపిస్తే ఆ రోజే ఇంట్లోంచి తీసేయండి. పిల్లలు పొరపాటున రసాయనాలు తాగేసే ప్రమాదాల్లో చాలా వాటికి మూలం ఇదే. దాహంతో వచ్చిన పిల్లవాడికి ఆ సీసా ఆకారమే కనిపిస్తుంది.

అసలు పేరు ఎక్కడ ఉంటుందో చూడండి

మందుల మీద ‘ప్రతి మాత్రలో’ లేదా ‘ప్రతి 5 మి.లీ.లో’ అని మొదలయ్యే చిన్న అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. మీకు కావలసింది అదే. కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. కొన్ని దేశాల్లో తయారైన పెట్టెల మీద పారాసెటమాల్‌ను ఎసిటమినోఫెన్ అని రాస్తారు. రెండూ ఒకటే. విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన మందుల్లో ఇది చూసుకోవాలి.

పేర్లు రాసుకుంటూ పోతే కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ ఒకే జాతి నొప్పి మందులు. డాక్టర్ చెప్పకుండా వీటిలో రెండు కలిపి వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు, కడుపులో పుండు, కిడ్నీల మీద భారం మాత్రం పెరుగుతాయి. కిడ్నీ జబ్బు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వీటిని సొంతంగా వేసుకోకూడదు. జ్వరం డెంగీ కావచ్చన్న అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రెండూ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ఆస్పిరిన్‌ను డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప 16 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దు. వైరల్ జ్వరాల్లో అది రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బుకు దారితీయవచ్చు. అదే ఆస్పిరిన్ చిన్న మోతాదులో, రక్తం గడ్డకట్టకుండా, గుండె జబ్బు ఉన్నవాళ్లను కాపాడుతుంది. అలాంటివాళ్లు దాన్ని సొంతంగా ఆపకూడదు.

జలుబు, అలర్జీ మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ బాగా మత్తు తెస్తుంది. సెట్రిజిన్ కొంత తక్కువ. ఈ పేర్లు కనిపిస్తే ఆ పూట బండి నడపడం మానుకోండి.

శుభ్రం చేసేవాటి మీద చూడాల్సిన పేర్లు నాలుగైదే:

- సోడియం హైపోక్లోరైట్: బ్లీచ్
- హైడ్రోక్లోరిక్ ఆమ్లం: చాలా టాయిలెట్ క్లీనర్లలో, టైల్స్ మరకలు పోగొట్టే యాసిడ్‌లో
- సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా: మూసుకుపోయిన పైపులు తెరిచే మందులో
- అమోనియా: కొన్ని అద్దాల క్లీనర్లలో
- ఇథైల్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్: శానిటైజర్‌లో

ఎర్ర అంచున్న డైమండ్ ఆకారపు గుర్తులు కూడా చూడండి. చేతి మీద, లోహం మీద చుక్కలు పడి అవి కరుగుతున్నట్టు ఉంటే అది చర్మాన్ని, కళ్లను కాల్చేది. మంట బొమ్మ ఉంటే అంటుకునేది. పుర్రె బొమ్మ ఉంటే విషం. ఆ గుర్తున్న వస్తువు ఇంట్లో అసలు అవసరమా అని ఆలోచించండి.

పిల్లల మందు కొలిచేటప్పుడు రెండు అంకెలు చూడండి

ఇక్కడ పొరపాట్లు చాలా తేలికగా జరుగుతాయి, కాబట్టి దీన్ని నెమ్మదిగా చదవండి.

పిల్లల పారాసెటమాల్ ద్రవ రూపంలో ఒకే బలంతో రాదు. డ్రాప్స్‌లో మామూలుగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా., ఇంకో రకంలో 5 మి.లీ.కు 250. మూడూ తియ్యగా, రంగురంగుల సీసాల్లో ఉంటాయి. చిన్న సీసాలో ఉన్నది ‘పసిపిల్లలది’ కాబట్టి తేలికదని అనుకుంటాం. నిజానికి అదే అన్నిటికన్నా చిక్కటిది. పసివాళ్లు ఎక్కువ తాగలేరు కనుక కొద్ది చుక్కల్లో ఎక్కువ మందు పట్టించారు.

లెక్క ఇలా వేయాలి. ఒక డోసుకు పిల్లల బరువులో ప్రతి కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. పాప బరువు 10 కిలోలు అనుకుందాం. ఎక్కువలో ఎక్కువ 150 మి.గ్రా. ఆ 150 మి.గ్రా. కోసం డ్రాప్స్ అయితే 1.5 మి.లీ. పోయాలి. 125 సిరప్ అయితే 6 మి.లీ. 250 సిరప్ అయితే 3 మి.లీ. ఇప్పుడు ఒక అమ్మ ఎప్పుడూ 6 మి.లీ. సిరప్ పట్టడానికి అలవాటుపడిందనుకోండి. ఒక రాత్రి సిరప్ అయిపోయి, ఇంట్లో ఉన్న డ్రాప్స్‌నే అదే కప్పుతో 6 మి.లీ. పట్టింది. పాపకు వెళ్లింది 600 మి.గ్రా., నాలుగింతలు. మందు పేరు మారలేదు, కొలత మారలేదు, సీసా మాత్రమే మారింది.

అందుకే సీసా మారిన ప్రతిసారీ ‘ఎన్ని మి.లీ.లో ఎన్ని మి.గ్రా.’ అన్న రెండు అంకెలూ చూడండి. డాక్టర్ దగ్గర ‘ఎన్ని మి.లీ.’ అని మాత్రమే అడగకుండా, ‘ఏ బలం ఉన్న సిరప్, ఎన్ని మి.లీ.’ అని అడిగి రాయించుకోండి. వంటింటి చెంచాలన్నీ ఒకే సైజులో ఉండవు, వాటితో కొలవొద్దు. మందుతో వచ్చిన కప్పు గానీ, సూది లేని సిరంజి గానీ వాడండి. కప్పును బల్ల మీద పెట్టి, కళ్లను గీత ఎత్తుకు వంచి చూడండి. చేతిలో పట్టుకుని పైనుంచి చూస్తే గీత తప్పుగా కనిపిస్తుంది. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగు డోసులు దాటకూడదు. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తే ఇంట్లో మందు పట్టకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పెద్దవాళ్లకు ఒక డోసు 500 నుంచి 1,000 మి.గ్రా., మధ్యలో 4 నుంచి 6 గంటల ఎడం. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు, బాగా బక్కగా ఉన్నవాళ్లకు హద్దు 4,000 కన్నా తక్కువ, ఎంతో డాక్టరే చెప్పాలి. పారాసెటమాల్‌ను లివర్ విడగొట్టేటప్పుడు కొద్దిగా విషపదార్థం పుడుతుంది. మామూలు డోసులో లివర్‌లో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని వెంటనే కట్టేస్తుంది. మందు ఎక్కువైతే గ్లూటాథయోన్ నిల్వ అయిపోయి ఆ విషం లివర్ కణాల మీద పడుతుంది. మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించవచ్చు, మహా అయితే వికారం. అసలు దెబ్బ రెండు, మూడు రోజులకు బయటపడుతుంది. దీనికి విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు ఉంది. ఎక్కువ మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే చాలా బాగా పని చేస్తుంది. కాబట్టి ‘బాగానే ఉన్నాడుగా, చూద్దాం’ అని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో గంటలతో సహా రాసుకోండి

‘రోజుకు రెండు సార్లు’ అని రాసుకుంటే చాలదు. దేని ముందు, దేని తర్వాత అన్నదీ ముఖ్యమే.

కడుపు మంటకు ఇచ్చే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. కడుపులో ఆమ్లాన్ని పోసే పంపులను అవి మూసేస్తాయి. తిండి పడగానే పంపులు పనిలోకి దిగుతాయి, ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. తిన్నాక మంట మొదలయ్యాక వేసుకుని ‘పని చేయట్లేదు’ అనుకునేవాళ్లు చాలామంది. అప్పటికప్పుడు ఉపశమనం కావాలంటే యాంటాసిడ్ వేరు. అందులో మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అల్యూమినియం హైడ్రాక్సైడ్ తరచూ కలిసే ఉంటాయి. మెగ్నీషియం విరేచనం సాగేలా చేస్తుంది, అల్యూమినియం బిగబట్టేలా చేస్తుంది. ఒకదాని గుణాన్ని ఇంకొకటి సరిచేస్తుందని రెండూ కలిపారు.

ఈ యాంటాసిడ్‌తోనే ఒక చిక్కు ఉంది. అందులోని లోహాలు, అలాగే ఐరన్, కాల్షియం మాత్రల్లోవి, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను కడుపులోనే పట్టేసుకుంటాయి. మందు రక్తంలోకి వెళ్లదు. యాంటీబయాటిక్ ముందు వేసుకుని, కనీసం 2 గంటలు ఆగాక యాంటాసిడ్ వేసుకోండి. థైరాయిడ్ మాత్రకైతే ఐరన్, కాల్షియం, యాంటాసిడ్‌లతో 4 గంటల ఎడం కావాలి. పరగడుపున నీళ్లతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకుండా ఉండాలి. ఐరన్ మాత్రను టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు. విరేచనం నల్లగా వస్తే కంగారుపడొద్దు, ఐరన్ వల్లే.

డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పాటు పడుకోకండి. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే మాత్ర ఆహారనాళంలోనే ఆగి అక్కడ పుండు చేస్తుంది.

యాంటీబయాటిక్‌ల గురించి ఒక్క మాట. అవి బ్యాక్టీరియా మీదే పని చేస్తాయి, జలుబు, ఫ్లూ లాంటి వైరస్‌ల మీద పని చేయవు. డాక్టర్ చెప్పిన రోజులన్నీ వాడండి, మిగిలినవి దాచుకుని ఇంకోసారికి వాడొద్దు. పెన్సిలిన్‌ను 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ, చాలీచాలని డోసులు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడతాయని హెచ్చరించాడు.

నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్ సరిగ్గా కలపండి

ఇంట్లో ఉండాల్సిన మందుల్లో నేను మొదటి చోటు ఇచ్చేది దీనికే. ఉప్పు, గ్లూకోజ్, పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం కన్నా తక్కువకు పడిపోయాయి.

ఎలా పని చేస్తుందో తెలిస్తే కొలత విషయంలో మీరే పట్టుదలగా ఉంటారు. విరేచనాలు అవుతున్నా పేగు గోడలో ఒక దారి మాత్రం తెరిచే ఉంటుంది. గ్లూకోజ్, సోడియం జంటగా వస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు కూడా వెళ్తుంది. పంచదార ఎక్కువైతే ఆ తీపి పేగులోకే నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపాలో చూడండి. లీటరు ప్యాకెట్లు, 200 మి.లీ. ప్యాకెట్లు రెండూ ఉంటాయి. నీళ్లు కాచి చల్లార్చి, గీతలున్న పాత్రతో కొలవండి.
3. ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయండి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే ఉప్పూ గ్లూకోజూ సమంగా పడతాయన్న నమ్మకం లేదు.
4. పాలు, పళ్లరసం, కూల్‌డ్రింక్‌లలో కలపొద్దు. పంచదార అదనంగా వేయొద్దు.
5. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసు పిల్లలకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.
6. కలిపిన నీళ్లు 24 గంటల తర్వాత పారబోయండి.

ప్యాకెట్ దొరకని సమయంలో లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మి.లీ. పట్టేది, గోపురంలా కాకుండా అంచుకు సమంగా గీసి. పాప మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఆగొద్దు.

శుభ్రం చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే వాడండి

సబ్బు దగ్గర పెద్దగా భయపడాల్సింది లేదు. సబ్బు అణువు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, ఇంకో కొస నీటిని పట్టుకుంటుంది, జిడ్డును నీటితో పాటు లాక్కుపోతుంది. చేతులకు 20 సెకన్లు రుద్దితే చాలు. ఉప్పు నీళ్లు లేదా గడుసు నీళ్లలో నురగ రాకపోతే కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెల్లటి తెట్టుగా మార్చేస్తున్నాయని అర్థం, అక్కడ డిటర్జెంట్ బాగా పని చేస్తుంది. శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతమైనా ఉందో లేదో చూడండి. నూరు శాతం ఉంటే ఇంకా మంచిదనుకోకండి. క్రిమి లోపలి ప్రోటీన్లను చెడగొట్టడానికి కొంత నీరు కావాలి, అందుకే 70 శాతం దానికన్నా బాగా పని చేస్తుంది. రాసుకున్న చేయి పూర్తిగా ఆరేవరకు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు.

బ్లీచ్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. బ్లీచ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. మూసిన బాత్‌రూమ్‌లో టాయిలెట్ క్లీనర్ పోసి, ఇంకా తెల్లగా రావాలని పైన బ్లీచ్ పోస్తే జరిగేది ఇదే. ముక్కు, గొంతు మండి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెనిగర్ కూడా ఆమ్లమే, బ్లీచ్‌తో అది కూడా వద్దు. అమోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువులు వస్తాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: టాయిలెట్ క్లీనర్లన్నీ యాసిడ్‌వి కావు, కొన్నిటిలో బ్లీచే ఉంటుంది. సీసాలు ఒకేలా ఉంటాయి. ఒక కంపెనీది అయిపోయి ఇంకో కంపెనీది తెచ్చినప్పుడు పాతదాని అడుగున మిగిలిన దాంట్లో కొత్తది పోయొద్దు.

బ్లీచ్‌ను వాడే పద్ధతి ఇది. ముందు మురికిని సబ్బు నీళ్లతో కడిగేయండి, మురికి ఉంటే బ్లీచ్ బలం దానితోనే అయిపోతుంది. చేతి తొడుగులు వేసుకుని, కిటికీ తెరవండి. సీసా మీద 5 శాతం అని ఉంటే, 980 మి.లీ. చల్లటి నీళ్లలో 20 మి.లీ. బ్లీచ్ కలపండి. 0.1 శాతం ద్రావణం తయారవుతుంది, ఇంట్లో గచ్చులకు, తలుపు పిడులకు అది చాలు. వేడినీళ్లు వాడితే బ్లీచ్ విడిపోయి బలం పోతుంది. కొన్ని నిమిషాలు తడిగా ఉండనిచ్చి, తర్వాత నీళ్లతో తుడవండి. మిగిలింది రేపటికి దాచొద్దు.

పైపులు తెరిచే కాస్టిక్ సోడా నీటితో కలిసినప్పుడు బాగా వేడెక్కి చిమ్ముతుంది. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోకండి. కంటికి యాసిడ్ కన్నా కాస్టిక్ సోడా లాంటి క్షారమే ఎక్కువ హాని చేస్తుంది, లోపలికి చొచ్చుకుపోతూనే ఉంటుంది. నేనైతే పైపును చేత్తో విప్పి శుభ్రం చేయించడానికే ఇష్టపడతాను.

ఎక్కడ దాచాలి

మందులకు వేడి, తేమ, వెలుతురు పడవు. బాత్‌రూమ్ అర, పొయ్యి పక్క గూడు రెండూ తగవు. పడకగదిలో, పిల్లల చేతికి అందని ఎత్తులో, తాళం వేసే అర మంచిది. ఆస్పిరిన్ సీసా తెరిస్తే వెనిగర్ వాసన వస్తోందంటే తేమ తగిలి మాత్ర విడిపోతోందని అర్థం, పారేయండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్‌కు దూరంగా ఉండాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు. కంటి చుక్కలు తెరిచిన రోజు సీసా మీద పెన్నుతో రాయండి, చాలా వాటికి ఆ రోజు నుంచి 4 వారాలే ఆయుష్షు. నీళ్లు కలిపి తయారు చేసే పిల్లల యాంటీబయాటిక్ సిరప్ అయితే రకాన్ని బట్టి 7 నుంచి 14 రోజులు.

బట్టల్లో వేసే నాఫ్తలీన్ ఉండలు మిఠాయిల్లా కనిపిస్తాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పసిపాప బట్టల పెట్టెలో అవి వేయొద్దు.

పొరపాటు జరిగితే

కంట్లో ఏదైనా పడితే అక్కడికక్కడే కొళాయి కింద కన్ను తెరిచి 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడగండి. గడియారం చూసి కడగండి, కంగారులో రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తాయి. ఆసుపత్రికి బయలుదేరేది ఆ తర్వాతే. చర్మం మీద పడితే తడిసిన బట్ట తీసేసి అలాగే కడగండి.

యాసిడ్, కాస్టిక్, బ్లీచ్, కిరోసిన్ మింగితే వాంతి చేయించొద్దు. కాల్చేవి పైకి వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తాయి. కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. యాసిడ్‌కు విరుగుడు అని సోడా నీళ్లు కూడా పట్టొద్దు. వాయువు పీల్చినవాళ్లను ముందు బయటి గాలిలోకి తీసుకురండి. బటన్ బ్యాటరీ మింగిన పిల్లవాడిని ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి, అది ఆహారనాళాన్ని 2 గంటల్లోనే కాల్చగలదు. ఏం మింగారో ఆ సీసా, స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది అసలు పేరు, ఎంత, ఎప్పుడు. మీ ప్రాంతపు అత్యవసర నంబర్, విష చికిత్స కేంద్రం నంబర్ నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్దగా రాసి పెట్టుకోండి.

గడువు దాటినవి పారేయడం

మందుల షాపుల్లో గానీ ఆసుపత్రుల్లో గానీ పాత మందులు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటే అక్కడ ఇవ్వండి. లేకపోతే మాత్రలను స్ట్రిప్ నుంచి తీసి మట్టితో కలిపి, గట్టిగా మూతపడే డబ్బాలో పెట్టి చెత్తలో వేయండి. పెట్టె మీద మీ పేరు, వివరాలు ఉంటే కొట్టేయండి. చాలా మందులను టాయిలెట్‌లో పోయకూడదు, చివరికి చెరువుల్లోకి, నదుల్లోకి చేరతాయి. ఖాళీ బ్లీచ్, యాసిడ్ సీసాలను కడిగి ఇంకో పనికి వాడొద్దు, మూత బిగించి పారేయండి.

పారేసినదాని వరుసను పుస్తకంలో కొట్టేసి, మళ్లీ చూసుకునే తేదీ కింద రాయండి. మూడు నెలలకోసారి చాలు. మా పుస్తకం మందుల అర తలుపు లోపలివైపు దారంతో కట్టి ఉంటుంది, పెన్సిల్‌తో సహా. నాన్నగారు ఇప్పుడు ఏ మాత్ర వేసుకున్నా ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి, అసలు పేరు, అంకె పైకి చదివి, టైము రాస్తారు.